కోడికి కుంపటి అక్కరలేదు

"నా కోడీ కుంపటీ లేకపోతే ఈ ఊరికి ఎట్లా తెల్లవారుతుందో చూస్తాను" అని అలిగి, కోడిని చంకన పెట్టుకొని కుంపటి చేతపట్టుకొని ఊరు విడిచిపోయిన అవ్వ కథ మనందరికీ తెలిసినదే. అవ్వ పోయినా ఊరికి యథాప్రకారం తెల్లవారింది. మూడున్నర దశాబ్దాల పాటు తెలుగు పండితుడిగా ఈ కథను అహంకారానికి ఉదాహరణగా పిల్లలకు చెప్పాను. పదవీ విరమణ చేసిన తరువాత గాని అందులో నాకొక కొత్త ప్రశ్న తోచలేదు. కోడి పక్కన ఆ కుంపటి ఎవరి కోసం ఉన్నది? అవ్వ చలి కాచుకోవడానికీ, ఇరుగుపొరుగు వారు పొద్దున్నే నిప్పు తీసుకుపోవడానికీ ఉన్నది. కోడి కోసం కాదు. ఇంత చిన్న సంగతి గ్రహించలేక నేను నాలుగు కోళ్ళ ప్రాణం తీశాను. ఈ టపా ఆ తప్పును గురించి, ఆ తప్పు నేర్పిన దానిని గురించి.

పోయిన పుష్యమాసంలో మా అమ్మాయి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం నుండి ఒక ఛాయాచిత్రం పంపింది. వాళ్ళ పెరట్లో నడుము లోతు మంచు. ఆ మంచు నడుమ చిన్న కొయ్య గూడు. గూటి ముందు చిమ్మి శుభ్రం చేసిన కొద్దిపాటి చోట గడ్డి పరచి ఉన్నది. ఆ గడ్డి మీద ఆరు పెట్టలు, ఒంటి ఈకలన్నీ పొంగించుకొని, దూదిబంతుల వలె నిలబడి ఉన్నాయి. దాని కింద అమ్మాయి ఇలా రాసింది: "ఈ రోజు ఇక్కడ సున్నాకు దిగువన 25 డిగ్రీలు నాన్నా. గూటిలో హీటరు పెట్టలేదు. అన్నీ కులాసాగా ఉన్నాయి. నాకొక సందేహం. మన మదనపల్లెలో 13 డిగ్రీల చలికే అమ్మ కోళ్ళు ఎట్లా చనిపోయాయి?"

ఆ ప్రశ్న చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. "చలికి పోయాయమ్మా" అని 2021లో ఆమెకు టెలిఫోనులో చెప్పినది నేనే.

అసలు మంచు అన్న మాట దగ్గరే మనకు కొంత గందరగోళం ఉన్నది. పచ్చిక మీద ముత్యాల వలె నిలిచే నీటిబొట్టూ మంచే, దారి కానరాకుండా కమ్మే పొగవంటి తెరా మంచే, హిమాలయాల మీద గడ్డకట్టినదీ మంచే. సంస్కృతంలో తుషారమని, నీహారమని, ప్రాలేయమని ఎన్ని పేర్లున్నా మన వాడుకలో అన్నిటికీ ఒకటే మాట. నేను కొన్నేళ్ళు కుప్పంలో పనిచేశాను. అది మూడు రాష్ట్రాల కూడలి, మూడు భాషల ముంగిలి. కన్నడం వారికి మంచు 'మంజు'. తమిళం వారికి 'పని'. ఒక తమిళ బాలుడు ఆలస్యంగా వచ్చి "పనిలో వచ్చినాను సార్" అన్నప్పుడు, ఇంత పసివాడికి పొద్దున్నే ఏం పని చెప్పారో అని వాడి తల్లిదండ్రులను మనసులో నిందించుకున్నాను. వాడు చెప్పినది మంచులో నడిచి వచ్చానని. ఆ మూడు భాషలలోనూ సామాన్యుడు తడి మంచునూ గడ్డ మంచునూ ఒకే మాటతో పిలుస్తాడు. కోళ్ళ విషయంలో మాత్రం ఈ రెంటికీ గల భేదమే ప్రాణాధారం. గడ్డ మంచు పొడిగా ఉంటుంది. మన మంచు తడి. కోడి పొడి చలిని ఓర్చుకున్నంతగా తడి చలిని ఓర్చుకోలేదు.

మా ప్రాంతపు చలిని గురించి తెలియని వారికి రెండు మాటలు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. పుంగనూరు, కుప్పం కూడా ఇంచుమించు అదే ఎత్తు. పక్కనే హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లు దాటిన కొండ. చలికాలంలో రాయలసీమ కనిష్ఠ ఉష్ణోగ్రత ఆరోగ్యవరంలో నమోదైనదని వార్తలలో తరచుగా వింటుంటాము. ఆ ఆరోగ్యవరం మా ఊరిని ఆనుకొని ఉన్నదే. మార్గశిర పుష్యాలలో తెల్లవారుజామున 12, 13 డిగ్రీలకు దిగే రోజులుంటాయి. అంతకు ముందే ఆశ్వయుజ కార్తికాలలో ఈశాన్య ఋతుపవనం వానలు తెస్తుంది. అందువల్ల మాకు చలి వచ్చేనాటికి నేల ఆరి ఉండదు. అదీ అసలు చిక్కు.

ఇక నా తప్పు. మా ఇంటావిడ తొమ్మిది నాటుకోళ్ళను పెంచేది. పెరట్లో వేపచెట్టు కింద వెదురుతడికల గూడు. ఆవిడ కాలం చేసిన తరువాత ఆ కోళ్ళ బాధ్యత నా మీద పడినది. నాకు ఛందస్సు తెలుసును గాని కోళ్ళ సంగతి తెలియదు. ఆవిడ చేతి మీదుగా పెరిగినవి గనుక వాటిని పోగొట్టుకోకూడదన్న పట్టుదల మాత్రం ఉండేది. 2021 నవంబరులో ఉమ్మడి చిత్తూరు, కడప జిల్లాలను వానలు ముంచెత్తిన సంగతి చదువరులకు గుర్తుండే ఉంటుంది. చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది ఆ నవంబరు 19ననే. మా ఊళ్ళోనూ రోజుల తరబడి ముసురు. కోళ్ళు తడిసి ముడుచుకొని కూర్చుంటే చూడలేకపోయాను. ఒక టార్పాలిన్ పట్ట కొని తెచ్చి గూటి నాలుగు పక్కలా, పైనా గాలి చొరనివ్వకుండా బిగించి కట్టాను. సందులలో గోనె సంచులు కుక్కాను. అయినా తృప్తి కలగక, రాత్రి కుంపటిలో బొగ్గులు రాజేసి గూటి తలుపు లోపల ఒక మూలన పెట్టి, కోళ్ళు దాని మీద పడకుండా ఇటుకలు అడ్డుపెట్టి, పట్ట దించి వచ్చి పడుకున్నాను. ఆ రాత్రి చాలా రోజుల తరువాత నిశ్చింతగా నిద్రపోయాను.

తెల్లవారి పట్ట ఎత్తి చూస్తే నాలుగు పెట్టలు నేల మీద పడి ఉన్నాయి. తక్కినవి మెడ చాచి, నోరు తెరచి, తూలుతున్నాయి. బయటికి తీసిన తరువాత అవి మెల్లగా కోలుకున్నాయి. చనిపోయిన వాటి జుట్టు నల్లబడలేదు, పాలిపోలేదు. బతికి ఉన్న వాటికంటే ఎర్రగా, చెర్రీపండు వలె ఉన్నది. నాకప్పుడు అది వింతగా తోచిందే తప్ప అర్థం కాలేదు. "చలి దెబ్బ" అన్నారు చూసిన వారు. నేనూ అదే నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా కూడా ఉన్నది. చలి అన్నది ఎవరి తప్పూ కాదు కదా!

ఆ కోళ్ళను మా ఇంటావిడకు ఇచ్చిన అవ్వ పక్క పల్లె నుండి ఆకుకూరలు అమ్మ వచ్చేది. ఆమె మాత్రం ఆ పట్టనూ కుంపటినీ చూసి, "ఏం అయివారూ, ఇంత చదువుకున్నావు, గాలి ఆడకుండా మూసినావే! కోడికి ఊపిరి వద్దా సామీ?" అన్నది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ మాట విననట్టు లోపలికి వచ్చేశాను. అమ్మాయి ప్రశ్న అడిగే వరకు దానిని మనసులో మూలకు నెట్టి ఉంచాను.

ఆ ప్రశ్న వచ్చిన తరువాత చదవవలసినది చదివాను, అడగవలసిన వారిని అడిగాను. గాలి చాలని చోట మండే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువును విడుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తుటిలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమించుకుంటుంది. అప్పుడు నెత్తురు మరింత ఎర్రగా కనిపిస్తుంది. పక్షుల ఊపిరితిత్తుల నిర్మాణం మనకంటే వేగంగా గాలిని వాడుకునేది. అందువల్లనే విషవాయువు వాటికి త్వరగా ఎక్కుతుంది. ఇంగ్లండు బొగ్గుగనులలో పనివారు కానరీ పిట్టను వెంట తీసుకుపోయే పద్ధతి 1986 వరకు ఉండినది. పిట్ట తూలితే మనుషులు బయటికి పరుగెత్తేవారు. మన సంస్కృతంలో కోడిపుంజుకు తామ్రచూడము అన్న పేరున్నది. రాగిరంగు శిఖ గలదని అర్థం. ఆ పదానికి వ్యుత్పత్తి ఎన్ని వందల మార్లు చెప్పానో! ఆ శిఖ మరీ ఎర్రబడితే ఏమని అర్థమో మాత్రం నాకు తెలియలేదు.

ఇది విషవాయువు మాట. కుంపటి లేకుండా బిగించి మూసినా మేలు జరిగేది కాదు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్. మనకు జ్వరంగా తోచేది దానికి సహజం. ఈకల నడుమ గాలిని పట్టి ఉంచుకొని, ఒక కాలు పొట్టలోకి ముడుచుకొని, తల రెక్కలో దాచుకొని అది తన కుంపటిని తానే కాపాడుకుంటుంది. దానికి బయటి వేడి అక్కరలేదు; తన వేడి పోకుండా ఉంటే చాలు. ఈక తడిస్తే ఆ గాలి పొర చెడుతుంది. అందుకే తడి ప్రమాదం. ఆ తడి పైనుండి వాన రూపంలోనే రానక్కరలేదు. కోడి ఊపిరిలో తేమ, రెట్టలో నాలుగింట మూడు వంతులు నీరు. మూసిన గూటిలో రాత్రంతా ఈ తేమ పైకి లేచి, చల్లని కప్పుకు తగిలి, బొట్లుగా మారి మళ్ళీ కోళ్ళ మీదనే పడుతుంది. వాన రాకుండా పట్ట కడితే లోపల మరో వాన! దానికి తోడు తడిసిన రెట్ట నుండి అమ్మోనియా ఘాటు లేచి కళ్ళను, గొంతును పుండు చేస్తుంది. ఆ పుండు పడిన గొంతులో రోగక్రిములు సులభంగా నిలుస్తాయి.

మంచుదేశాల వారు ఈ పాఠం చాలాకాలం కిందటనే నేర్చుకున్నారు. డాక్టర్ ప్రిన్స్ టి. వుడ్స్ అనే అమెరికా వైద్యుడు 1924లో తాజా గాలి ఆడే కోళ్ళ ఇళ్ళను గురించి ఒక గ్రంథమే ప్రచురించారు. ఆయన చెప్పిన ఇంటికి మూడు పక్కల గట్టి గోడలు, దక్షిణం వైపు మాత్రం జాలి. శీతకాలమంతా ఆ జాలి తెరచే ఉంటుంది. ఇల్లు లోతుగా ఉండడం వల్ల వెనుక గోడ దగ్గర దండెం మీద కూర్చున్న కోళ్ళకు గాలి విసురు తగలదు, తేమ మాత్రం బయటికి పోతుంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో ఓకా అనే చోట ఒక క్రైస్తవ సన్యాసి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో షాంటెక్లేర్ అనే కోడి జాతిని రూపొందించారు. దాని విశేషమేమంటే జుట్టు, గొంతు కింది తోలు ఉన్నాయో లేవో అన్నంత చిన్నవి. ఎందుకంటే గడ్డకట్టే చలిలో మొదట దెబ్బతినేది ఆ తామ్రచూడమే. అదైనా గాలి పొడిగా ఉంటే చాలావరకు నిలుస్తుంది. తేమ చేరితే చివరలు నల్లబడి రాలిపోతాయి. అంటే మైనస్ డిగ్రీల దేశంలో కూడా మొదటి శత్రువు తేమే.

మా అమ్మాయి గూటి రహస్యం ఇదే. కప్పు దగ్గర, కోళ్ళ తలలకు బాగా ఎత్తున, రెండు పక్కలా తెరచిన కిటికీలు. నేల మీద జానెడు మందాన పొడి రంపపు పొట్టు. కూర్చునే కర్ర వెడల్పుగా ఉంటుంది, కోడి కాలివేళ్ళను పొట్ట ఈకలతో కప్పుకోవడానికి వీలుగా. విద్యుత్తు వాడినది ఒక్క నీటిపాత్ర కింద మాత్రమే, నీరు గడ్డకట్టకుండా. "గూటిలో హీటు దీపం పెడితే మంటలు అంటుకున్న ఇళ్ళున్నాయి నాన్నా, ఇక్కడి వాళ్ళు వద్దంటారు" అన్నది. మంచుకొండ నడుమ ఉన్నవారు కిటికీ తెరచి పెడితే, 13 డిగ్రీల ఊరిలో నేను గోనెసంచులు కుక్కాను.

ఆశ్చర్యమేమంటే ఈ పాఠం నేర్చుకోవడానికి నేను మిన్నెసోటా దాకా చూడనక్కరలేదు. మా ఊరి పక్కనే ఉన్నది. క్షయవ్యాధికి మందు లేని రోజులలో, 1912లో, పలు క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లెలో క్షయ చికిత్సాలయం ప్రారంభించాయి. దాని వల్లనే ఆ చోటికి ఆరోగ్యవరమన్న చక్కని పేరు వచ్చింది. ఆ కాలంలో ప్రపంచమంతటా క్షయకు చికిత్స అంటే విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, అన్నిటికీ మించి తెరచిన గాలి. రోగులను మూసిన గదులలో దాచడం తప్పని, వరండాలలో పడుకోబెట్టాలని వైద్యులు చెప్పారు. స్ట్రెప్టోమైసిన్ మందు కనుగొన్నది 1943లో. అంతవరకు గాలే మందు. మదనపల్లె గాలి మంచిదని దేశం నలుమూలల నుండి మనుషులు వచ్చిన చోట, నేను అదే గాలిని తొమ్మిది కోళ్ళకు అందకుండా చేశాను.

మన పెద్దల గంప చూడండి. వెదురుబద్దలతో అల్లిన కోళ్ళ గంపకు ఒంటినిండా సందులే. పిల్లి రాదు, గాలి వస్తుంది. నేల మీద బోర్లించి పైన ఒక రాయి పెడితే రాత్రి గడిచిపోయేది. ఇప్పుడు గంపలు అల్లేవారు తగ్గారు. రేకులు, ప్లాస్టిక్ డ్రమ్ములు, పాత ఫ్లెక్సీలు వాటి చోటికి వచ్చాయి. ఇవన్నీ నీటిని ఆపుతాయి, గాలినీ ఆపుతాయి. కోడికి కావలసినది మొదటిది మాత్రమే. మా వైపు టమాటా క్రేట్లు దొరకని ఇల్లు లేదు. అడుగున, పక్కల చిల్లులున్న ఆ పెట్టె గుడ్లు పెట్టడానికి చక్కని చోటు. పట్టు పురుగులు పెంచే రైతులకైతే నేను చెప్పేది కొత్త కాదు. చలికాలంలో పురుగుల గదికి వేడి పెడుతూనే గాలి మారేటట్టు చూసుకోకపోతే పంట పోతుందని వారికి అనుభవం. ఆ జ్ఞానాన్ని గది నుండి పెరట్లోకి నాలుగడుగులు తీసుకురావాలి, అంతే.

కనుక చలికాలపు గూటికి నేను ఇప్పుడు పాటిస్తున్నది క్లుప్తంగా చెబుతాను. ఈశాన్యపు గాలి, జల్లు కొట్టే వైపు తడిక మీద మట్టి మెత్తి గాని, పట్ట కట్టి గాని మూశాను. దక్షిణం వైపు జాలి తెరచే ఉంటుంది. శీతకాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు గనుక ఎండ లోపలికి వచ్చి నేలను ఆరబెడుతుంది. కప్పు కింద, రెండు వైపులా, బెత్తెడు ఖాళీ. నేల చుట్టూ ఉన్న మట్టానికి జానెడు ఎత్తు. మా ప్రాంతపు రాతిబండల మీద కోళ్ళను పడుకోనివ్వకూడదు. బండ చల్లబడుతుంది, చెమ్మగిల్లుతుంది. మోకాలెత్తున కర్రలు అమర్చాలి. కింద వరి ఊకో, చెనక్కాయ పొట్టో మందంగా పరచి, రెండు రోజులకొకసారి తిరగవేయాలి. పిడికెడు తీసి పిసికితే ముద్ద కట్టినదా, మార్చవలసిన సమయం వచ్చిందన్నమాట. గూటి ముందు కూర్చొని ముక్కుతో చూడడం అన్నిటికంటే మంచి పరీక్ష. నా ముక్కుకు ఘాటు తగిలితే రాత్రంతా అందులో ఉండేవాటి గతి ఏమిటి?

తిండి మాట. చలికి కోడి ఎక్కువ తింటుంది, తిన్నదే దాని బొగ్గు. సాయంకాలం గూటికి చేరే ముందు గుప్పెడు జొన్నలో, నలిగిన మొక్కజొన్నో వేస్తే రాత్రంతా అరుగుతూ వేడినిస్తుంది. ఒక్క హెచ్చరిక. చెనక్కాయలు పండే మా ప్రాంతంలో బూజు పట్టిన కాయలు, చెక్క కోళ్ళకు వేసే అలవాటున్నది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుచిక్కని జబ్బుతో చనిపోతే, దానికి కారణం బూజు పట్టిన వేరుశనగ దాణా అని తేలింది. అఫ్లటాక్సిన్ అనే విషాన్ని లోకం గుర్తించినది ఆ విధంగా. మనం పారవేయదగినది కోడికి పెట్టదగినదని అనుకోవడం పొరపాటు. చలికాలంలో గుడ్లు తగ్గితే కంగారు పడవద్దు. పెట్టకు నిండుగా గుడ్లు పెట్టడానికి 14 గంటలకు తగ్గని వెలుతురు కావాలి. మిన్నెసోటాలో శీతకాలపు అతి చిన్న పగలు 9 గంటలైనా లేదు. మనకు 11 గంటలు దాటి ఉంటుంది. మనం నష్టపోయేది కొద్దే.

మినహాయింపులు చెప్పకపోతే అపచారమవుతుంది. పిల్లలకు ఈక రాలేదు గనుక వాటికి వేడి కావలసినదే. తల్లి రెక్కల కింద ఉంటే సరి. తల్లి లేకుండా కొని తెచ్చిన పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి; తరువాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. అది కూడా బల్బుతో, బొగ్గుతో కాదు. పిల్లలన్నీ బల్బు కింద గుంపు కడితే చలి. దూరంగా పారి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. అంతటా తిరుగుతుంటే సరిపోయింది. ఉష్ణమాపకం లేనివారికి పిల్లలే ఉష్ణమాపకం.

ఇంతవరకు నా గూటి కథ. ఇక ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. చలి అనే సాకు నా ఒక్కడిది కాదు. పుంగనూరు పల్లెలలోనూ, కుప్పం వైపునా పరిచయస్తులను అడిగితే "చలికాలం వస్తే కోళ్ళు పోతాయి సార్, ఏటా ఉన్నదే" అంటారు. పెద్ద కోళ్ళు 13 డిగ్రీలకు పోవు. ఆకుపచ్చగా పారడం, మెడ మెలితిరగడం, గురక పెట్టడం, రెండు మూడు రోజులలో గూడు ఖాళీ కావడం, ఇవి చలి లక్షణాలు కావు. ఇవి కొక్కెర తెగులు లక్షణాలు. 1926లో తమ న్యూకాసిల్ పట్టణంలో కనిపించిన దానిని ఆంగ్లేయులు ఆ పట్టణం పేరుతో పిలిచారు. మరుసటి ఏడు, 1927లో, హిమాలయ పాదాలలోని రాణీఖేత్‌లో కనిపించినందున మన దేశంలో రాణీఖేత్ జబ్బు అన్నారు. పేరు మంచుకొండలది గనుక రోగం కూడా చలిదే అనుకుంటే పొరపాటు. అది వైరసు. వచ్చిన తరువాత మందు లేదు. రాకుండా టీకా ఉన్నది. పిల్లకు 5 నుండి 7 రోజుల వయసులో కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా. నెలకు మళ్ళీ ఒకసారి. 8 వారాలకు ఆర్‌2బి సూదిమందు. తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం. ఇంతే.

మరి ఎందుకు వేయించరు? నిర్లక్ష్యమని తేలికగా అనవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒకసారి టీకా కోసం తిరిగిన తరువాత అసలు చిక్కు తెలిసింది. టీకామందు సీసా సామాన్యంగా వంద మోతాదులకు తక్కువ ఉండదు. కలిపిన తరువాత కొద్ది గంటలలో వాడాలి, అంతవరకు 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వేల కోళ్ళ షెడ్డు గలవానికి అది సులభం. అయిదు కోళ్ళున్న అవ్వ సీసా కొని తక్కిన తొంభై అయిదు మోతాదులు ఏం చేసుకుంటుంది? కోళ్ళ పరిశ్రమకు అనువుగా చేసిన వస్తువు పెరటి కోడికి అందదు. ఇది అవ్వ తప్పు కాదు. ఆఫ్రికాలోని మొజాంబిక్, టాంజానియా వంటి దేశాలలో ఇటువంటి పల్లెల కోసమే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు రూపొందించిన, వేడికి కొంత ఓర్చుకునే ఐ-2 అనే టీకాను ఊరూరా ఒక తేదీ పెట్టి అందరి కోళ్ళకూ ఒకేసారి కంటిచుక్కగా వేశారు. చుక్కలు వేసిన వారిలో ఆ ఊరి స్త్రీలూ ఉన్నారు.

నా అభిప్రాయంలో మనకు కావలసినదీ అదే. ఏటా దసరా వెళ్ళిన వెంటనే, చలి రాక ముందే, ప్రతి పల్లెలోనూ ఒక సాయంకాలం కోళ్ళు గూటికి చేరిన వేళ అందరి కోళ్ళకూ టీకా. పశుసంవర్ధక శాఖకు సిబ్బంది ఉన్నారు, మహిళా సంఘాలకు కూడబలుక్కునే అలవాటున్నది. పది ఇళ్ళు కలిస్తే ఒక సీసా ఖర్చు ఒక గుడ్డు వెలకు మించదు. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ జాతులను తయారుచేసి ఇచ్చింది. మంచి పిల్లలను పంచడం ఎంత అవసరమో, పంచిన వాటిని మొదటి శీతకాలం దాటించడం అంతకంటే అవసరం. పిల్లలను పంచిపెట్టిన ఫొటో వార్తాపత్రికలో వస్తుంది. అవి మరుసటి సంక్రాంతికి ఎన్ని మిగిలాయో ఎవరూ రాయరు.

"నాలుగు కోళ్ళ కోసం ఇంత రాద్ధాంతమా" అని కొందరు మిత్రులు అనవచ్చు. నాలుగు కోళ్ళంటే మనకు నాలుగు కోళ్ళే. ఆకుకూరల అవ్వకు అవి మందుల చీటీ, మనవరాలి నోటు పుస్తకాలు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర నాటికి చేతికి అందే పుంజు ఎందరో ఇల్లాళ్ళకు ఎవరినీ చెయ్యి చాచి అడగనక్కరలేని డబ్బు. మగవాడి లెక్కలోకి రాని ఆ సొమ్ము ఒక్క వారంలో తుడుచుకుపోతే "చలి" అని సరిపెట్టుకుంటున్నాము. ఆ ఒక్క మాట అందరినీ నిర్దోషులను చేస్తుంది: టీకా వేయించని వాణ్ణి, వేయని వాణ్ణి, గూడు మూసిన నన్ను. నష్టపోయినది మాత్రం ఆమె. అనారోగ్యంగా చచ్చిన కోడిని కోసి అమ్మడం, కుంటలో పారవేయడం కూడా ఈ "చలి దెబ్బ" అన్న ధీమా వల్లనే జరుగుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళ ఫారాలను ఎంత కుదిపివేసిందో చూశాము. ఒకేసారి రెండు మూడు కోళ్ళు పోతే పశువైద్యశాలకు కబురు చేయాలి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. చలికి ఎవరూ కబురు చేయరు గదా! అందుకే ఆ మాట ప్రమాదకరం.

అమ్మాయికి నా జవాబు టెలిఫోనులో చెప్పాను. "చలికి కాదమ్మా, నా కుంపటికి పోయాయి" అన్నాను. కొంచెంసేపు అటు నుండి మాట లేదు. తరువాత "అమ్మ ఉంటే మిమ్మల్ని బాగా కోప్పడేది నాన్నా" అన్నది. నిజమే. కోప్పడి, పట్ట పీకివేసి, గూటిలో కొత్త ఊక పోసేది. ఆ పని ఇప్పుడు నేను చేస్తున్నాను. ఆనాడు మిగిలిన అయిదింటి సంతతి ఈనాడు పదమూడు. ఇంటికి దగ్గరి నాలుగు వీధుల వారిమి కలిసి పోయిన కార్తికంలో ఒక సీసా తెప్పించి అన్నిటికీ చుక్కలు వేయించాము. ఆకుకూరల అవ్వ కోళ్ళు కూడా అందులో ఉన్నాయి. ఆవిడకు ఆనాటి మాటకు బదులు చెప్పవలసి ఉండినది. "నువ్వు చెప్పినదే నిజం అవ్వా" అన్నాను. "ఏ మాట సామీ?" అన్నది. మరచిపోయినట్టున్నది. నేను మరువలేదు.

ఇది పండితుడి పరిధికి మించిన విషయమని తెలుసును. పొరపాట్లు దొర్లి ఉంటే పశువైద్యులు, అనుభవజ్ఞులైన తల్లులు దయతో సవరించగలరు. మీ మీ ఊళ్ళలో చలికాలం కోళ్ళను ఎట్లా కాపాడుకుంటున్నారో తెలిపితే పదిమందికి ఉపకరిస్తుంది. అంతవరకు ఒక్క మనవి. ఈ మార్గశిరంలో మీ పెరటి గూటికి పట్ట కట్టబోయే ముందు, కప్పు కింద బెత్తెడు సందు వదలండి. కుంపటిని మీ దగ్గరే ఉంచుకోండి.